మూడు నీలాలు, పద్నాలుగు రవ్వలు: ఒక రంగూన్ పతకం పరీక్ష

విజయనగరంలో రత్న పరీక్ష, పాత నగల మదింపు నా వృత్తి. నా దగ్గరకు వచ్చే పాత నగల్లో చాలావరకు ఆస్తి పంపకాల సమయంలో వచ్చేవే కాబట్టి, నగతో పాటు ఒక తగవు కూడా బల్ల మీదకు రావడం నాకు అలవాటే. కిందటి ఏడాది వేసవిలో వచ్చిన ఒక నీలం రవ్వల పతకం విషయంలో ఆ తగవు చాలా లోతుకు పోయింది. రాయి స్వభావం తేల్చడం ఒక ఎత్తయితే, ఆ రాయి ఆ గూటిలోకి ఎప్పుడు వచ్చిందో తేల్చడం మరొక ఎత్తు అయింది. కుటుంబ సభ్యుల అనుమతితో, వారి ఆనవాళ్ళు బయటపడకుండా, ఆ పరీక్ష ఎలా సాగిందో ఇక్కడ రాస్తున్నాను. నగ పాతదైతే అందులోని రాయి తప్పకుండా గనిలో పుట్టినదే అయి ఉంటుందనే నమ్మకం మన జిల్లాల్లో బలంగా ఉంది. ఆ నమ్మకం వల్ల ఒక ఇంటి కోడలు పదకొండు నెలల పాటు దొంగతనం నింద మోయవలసి వచ్చింది.

కుటుంబం చెప్పిన సంగతి

వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో, కళింగపట్నం పక్కనున్న ఒక పల్లె వారిది. తాతగారు 1920లలో కళింగపట్నం రేవులో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళి, అక్కడి వడ్ల మిల్లులకు కూలీలను కుదిర్చే మేస్త్రీగా స్థిరపడ్డారు. ఆ రోజుల్లో శ్రీకాకుళం ప్రాంతం నుంచి బర్మా వెళ్ళినవారు వేల సంఖ్యలో ఉండేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు ఆ నగరం మీద బాంబులు వేశాక, అందరితో పాటు వీరు కూడా ఉన్నదంతా వదిలి ఇంటిదారి పట్టారు. ఆ ప్రయాణంలో నానమ్మగారు నడుముకు చుట్టుకున్న గుడ్డలో దాచి తెచ్చిన నగల్లో చివరికి మిగిలింది ఈ పతకం ఒక్కటే. ఇంట్లో దీనిని ‘మొగోక్ నీలం’ అని పిలుచుకుంటారు. బర్మాలోని మొగోక్ లోయ కెంపులకూ నీలాలకూ ప్రసిద్ధి కాబట్టి, రంగూన్ నుంచి వచ్చిన నగకు ఆ పేరు స్థిరపడడం సహజమే.

తల్లిగారు మంచాన పడిన తర్వాత పతకం పెద్ద కోడలి బీరువాలో ఉంది. తల్లిగారు పోయాక నలుగురు సంతానం, అంటే ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరు అక్కచెల్లెళ్ళు, పంపకాలకు కూర్చున్నప్పుడు దానిని ఒక దుకాణంలో చూపించారు. నడుమ ఉన్న పెద్ద నీలం మసకగా ఉంది కాబట్టి నాసిరకమనీ, కింద వేలాడే రెండు బొట్టు ఆకారపు రాళ్ళలో కుడివైపుది మేలైన అసలు నీలమనీ, ఎడమవైపుది గాజనీ అక్కడ చెప్పారు. జంటగా చేసిన రెండు రాళ్ళలో ఒకటి నీలం, ఒకటి గాజు ఎలా అవుతాయి? ఎవరో మార్చారనే మాట అక్కడే పుట్టింది. బీరువా తాళం ఎవరి దగ్గర ఉన్నదో అందరికీ తెలుసు. చిన్న కొడుకు ఆ మాట వదిన గారి ముఖం మీదే అనేశాడు. అప్పటినుంచి రెండిళ్ళ మధ్య రాకపోకలు లేవు. చివరికి పెద్ద కూతురు పట్టుబట్టి నలుగురినీ కలిపి విజయనగరం తీసుకువచ్చారు. నింద పడిన వదిన గారు కూడా వచ్చారు గాని, పరీక్ష జరిగినంతసేపూ ఆవిడ వరండాలోనే కూర్చున్నారు.

నగ స్వరూపం

పతకం మొత్తం బరువు 21.4 గ్రాములు. నడుమ కొంచెం కోలగా, మూలలు గుండ్రంగా ఉన్న నీలం. దాని చుట్టూ పద్నాలుగు రవ్వలు. అడుగున బంగారు కొక్కేలకు వేలాడుతూ రెండు బొట్టు నీలాలు. పెద్ద నీలాన్ని నాలుగు గోళ్ళలాంటి పట్లు పట్టి ఉంచాయి, దాని వెనక భాగం తెరిచి ఉంది. రవ్వలూ, రెండు బొట్టు రాళ్ళూ మాత్రం వెనక మూసిన గూళ్ళలో కూర్చున్నాయి. మూసిన గూటిలో రాయి కింద లక్క పోసి, దాని మీద మెరిసే పల్చని తగడు పరిచి, ఆ పైన రాయిని పొదిగి, చుట్టూ బంగారు అంచును నొక్కి మూయడం మన కంసాలుల పాత పద్ధతి. కింద నుంచి వెలుగు రాదు కాబట్టి తగడు మీద తిరగబడిన కాంతే రాయికి మెరుపునిస్తుంది. ఈ చిన్న విషయం మీదే తర్వాత కథంతా తిరిగింది. అందుకే ముందే చెబుతున్నాను.

బంగారాన్ని క్యారెట్ మీటర్ మీద ఆరు చోట్ల చూశాను. ఐదు చోట్ల 87 శాతం అటూ ఇటూగా, అంటే 21 క్యారెట్ల దగ్గరగా, ఒకే రకంగా వచ్చింది. ఆరో చోటు, కుడి ఎగువన ఒక రవ్వ గూటి అంచు, అంతకంటే తక్కువ మచ్చు, అంటే తక్కువ స్వచ్ఛత, చూపింది. ఆ తేడాను పుస్తకంలో రాసుకుని, దాని సంగతి తర్వాత చూడవచ్చని ముందుకు వెళ్ళాను. హాల్‌మార్క్ ముద్ర లేదు, ఉండే అవకాశమూ లేదు. మన దేశంలో బంగారానికి హాల్‌మార్కింగ్ మొదలైందే 2000లో.

గాజు అన్న మాట తేల్చడం

మూడు నీలాల పై పలకలూ అంచు కంటే కొంచెం ఎత్తుగా ఉండడం మా అదృష్టం. అందువల్ల రాయిలో కాంతి ఎంత వంగుతుందో కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద మూడింటినీ చూడగలిగాను. మూడూ 1.762, 1.770 అని రెండేసి కొలతలు చూపాయి. ఇది కురువిందం, అంటే నీలమూ కెంపూ ఏ ఖనిజపు రంగులో ఆ ఖనిజం వక్రీభవన గుణకం. గాజుకు ఒకే కొలత వస్తుంది, అదీ సాధారణంగా దీనికంటే తక్కువ. ఎడమ రాయి గాజు అన్న మాట అక్కడితో పోయింది.

కొలత ఒక్కటి చూసి సంతోషపడకూడదని చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. పందొమ్మిదో శతాబ్దం నుంచి, రంగు గాజు మీద గార్నెట్ అనే ఎర్రని రాయి పల్చని పొరను అతికించి చేసిన జంట రాళ్ళు సంతలో ఉన్నాయి. గార్నెట్ కొలత కూడా 1.76 ప్రాంతంలోనే పడవచ్చు కాబట్టి తొందరపడేవారు మోసపోతారు. అయితే గార్నెట్‌కు ఒకే కొలత వస్తుంది. పైగా అలాంటి రాయిని తెల్ల కాగితం మీద బోర్లిస్తే అంచు చుట్టూ ఎర్రని వలయం కనిపిస్తుంది. ఇక్కడ రెండు కొలతలు స్పష్టంగా ఉన్నాయి, వలయం లేదు. డైక్రోస్కోప్‌లో మూడూ ఒక దిశలో గాఢ నీలం, మరొక దిశలో ఆకుపచ్చ ఛాయ గల నీలం చూపాయి. ఇది విని చిన్న కొడుకు ఊపిరి పీల్చుకుని, అయితే మూడూ అసలు నీలాలేనా అని అడిగారు. కాదు, మూడూ కురువిందాలని మాత్రమే తెలిసిందని చెప్పాను. గనిలో పుట్టిన నీలానికీ, కొలిమిలో పుట్టిన నీలానికీ ఈ కొలతల్లో తేడా ఉండదు. రసాయనంగా రెండూ అల్యూమినియం ఆక్సైడే, రెండింటికీ ఆ రంగునిచ్చేది ఇనుమూ టైటానియమే.

పెద్ద నీలం

దుకాణంలో నాసి అన్న పెద్ద రాయిని సూక్ష్మదర్శిని కింద పెట్టినప్పుడు, నేను చాలాసేపు మాట్లాడలేదు. మసక అని వారు చూసినది పట్టు దారాల్లాంటి రూటైల్ అనే ఖనిజపు సూదుల సమూహం. సన్నగా, పొడవుగా, ఒకదానికొకటి 60 డిగ్రీల కోణంలో మూడు దిశల్లో పరుచుకుని, దీపం పక్కకు జరిపినప్పుడు వెండి నూలులా మెరిశాయి. వాటి పక్కన వేలిముద్రలా అల్లుకున్న ద్రవపు బిందువుల తెర, ఒక మూల చిన్న జిర్కాన్ స్ఫటికం, దాని చుట్టూ ఒత్తిడికి ఏర్పడిన వలయం కనిపించాయి. కొలిమిలో కొన్ని గంటల్లో తయారైన రాయిలో ఇవి ఉండవు. ఇవి భూగర్భంలో దీర్ఘకాలం ఎదిగిన రాయి రాసుకున్న చరిత్ర.

రెండో విషయం ఇంకా ముఖ్యమైనది. నీలం రంగు పెంచడానికి, మసక తొలగించడానికి రాయిని కాల్చడం 1970ల నుంచి వ్యాపారమంతా వ్యాపించింది. 1,600 డిగ్రీల ప్రాంతపు వేడిలో ఈ సూదులు కరిగిపోతాయి, లేదా తెగిపోయి చుక్కల వరుసలుగా మిగులుతాయి. స్ఫటికాలు కరిగి వాటి చుట్టూ మెరిసే బిళ్ళల్లాంటి పగుళ్ళు ఏర్పడతాయి. ఇక్కడ సూదులు చివర్ల వరకు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఏ మసకను చూసి దుకాణంలో రాయి విలువ తగ్గించారో, ఆ మసకే ఇది నిప్పు చూడని సహజ నీలమని చెబుతున్న సాక్షి.

కొలతలు 9.6, 8.2 మిల్లీమీటర్లు, లోతు 5.4. పొదిగి ఉన్న కోల రాయికి వాడే సూత్రం ప్రకారం, రెండు కొలతల సగటును వర్గం చేసి, లోతుతోనూ, సాపేక్ష సాంద్రత 4.00తోనూ, 0.0020తోనూ గుణిస్తే 3.42 క్యారెట్లు వస్తుంది. అయితే దీని పొట్ట బాగా ఉబ్బి ఉంది. బరువు పోకుండా కోయడానికి తూర్పు దేశాల కోతగాళ్ళు అలా వదిలేవారు. అందుకని నివేదికలో 3.4 నుంచి 3.7 క్యారెట్ల మధ్య అని రాశాను. రాయిని గూటి నుంచి తీసి తూచాలని నాకు అనిపించలేదు. పట్లు పాతబడి పల్చనై ఉన్నాయి, పావు క్యారెట్టు నిర్ధారణ కోసం వాటిని వంచడం తగదు.

పుట్టుక విషయంలో నా అభిప్రాయం అప్పటికే మొగోక్ నుంచి దూరంగా జరిగింది. పొడవైన సన్న సూదులూ, జిర్కాన్ వలయమూ సింహళపు నీలాల్లో తరచు కనిపించే గుర్తులు. మొగోక్ రాళ్ళలో సూదులు సాధారణంగా పొట్టిగా, దట్టంగా, మచ్చలు మచ్చలుగా ఉంటాయి. కానీ సూక్ష్మదర్శిని ఒక్కదానితో దేశం పేరు రాసి సంతకం పెట్టడం నా దృష్టిలో తప్పు. పెద్ద విలువ గల రాయికి స్పెక్ట్రోస్కోపీ, రసాయన విశ్లేషణ సౌకర్యం ఉన్న ప్రయోగశాల నివేదిక తప్పనిసరి. కుటుంబం అంగీకరించి పంపింది. ఆరు వారాలకు వచ్చిన నివేదికలో సహజ నీలం, వేడి చేసిన ఆనవాళ్ళు లేవు, పుట్టుక శ్రీలంక అని ఉంది.

పెద్ద కొడుకు ముఖం వాడిపోయింది. తాతగారు చెప్పినది అబద్ధమా అన్నట్టు ఆయన నా వైపు చూశారు. రాయి పుట్టిన చోటు వేరు, నగ కొన్న చోటు వేరు అని వివరించాను. రంగూన్ అప్పట్లో బంగాళాఖాతపు వర్తకానికంతటికీ పెద్ద అంగడి. సింహళపు రాయి అక్కడ అమ్ముడుపోవడంలో వింతేమీ లేదు. రంగూన్‌లో కొన్నామన్నది తాతగారి మాట. మొగోక్ అన్నది తర్వాతి తరాల వారు చేర్చుకున్నది.

రవ్వలు

పద్నాలుగింటిలో పదమూడు పాత కోత వజ్రాలు. పై పలక చిన్నది, తల ఎత్తు, అంచు గుండ్రమూ చదరమూ కాని మెత్తని ఆకారం, చేతి భూతద్దమైన లూప్‌లో పై నుంచి చూస్తే నడిమధ్యన చిన్న చుక్క. ఆ చుక్క రాయి అడుగు మొనను కోసి వదిలిన గుర్తు. విద్యుద్దీపాలకు ముందు, దీపపు వెలుగులో మెరవడానికి కోసిన రాళ్ళివి. నేటి రవ్వలా చిటపటలాడవు, నెమ్మదిగా పెద్ద పెద్ద కాంతి ముక్కలుగా వెలుగుతాయి. ఒక్కొక్కటి 3.4 మిల్లీమీటర్ల ప్రాంతం కాబట్టి మొత్తం సుమారు రెండు క్యారెట్లు.

ఇవి గోల్కొండ వజ్రాలేనా అని చెల్లెలు అడిగారు. పాత రవ్వ కనిపించగానే ఆ పేరు పెట్టడం మన వ్యాపారంలో ఒక జబ్బులా మారింది కాబట్టి దీని గురించి గట్టిగానే చెబుతాను. కృష్ణ ఒడ్డున కొల్లూరు వంటి గనులు ప్రపంచానికి వజ్రాలిచ్చిన కాలం ఒకటి ఉంది. కానీ 1720లలో బ్రెజిల్‌లో, 1867 తర్వాత దక్షిణ ఆఫ్రికాలో వజ్రాలు దొరికాక సంత స్వరూపమే మారిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో రంగూన్‌లో కొన్న చిన్న రవ్వలు దక్షిణ ఆఫ్రికావి అయ్యే అవకాశమే ఎక్కువ. కోత పాతదైనంత మాత్రాన గని పాతది కాదు.

పద్నాలుగో రాయి వజ్రం కాదు, క్యూబిక్ జిర్కోనియా. వజ్రాన్ని గుర్తించే ఉష్ణ పరీక్షకు నిలవలేదు, కోత కూడా కొత్తది. బంగారం మచ్చు తక్కువగా చూపిన ఆరో చోటు ఇదే. గూటి అంచు మీద పనిముట్టు జారిన మెరిసే గీతలున్నాయి, అతుకు పెట్టిన మాటు రంగు కూడా వేరు. ఈ కృత్రిమ రాయి సంతలోకి వచ్చినది 1976 ప్రాంతంలో కాబట్టి, ఈ మార్పు రంగూన్ నాటిది కాదు. నేను ఏమీ అడగకముందే పెద్ద కూతురు చెప్పారు: 1988లో తన పెళ్ళిలో ఒక రవ్వ రాలిపోయింది, అమ్మ పట్నంలో ఒక కొట్టుకిచ్చి పెట్టించింది. ఆ కొట్టులో వజ్రమని చెప్పే డబ్బు తీసుకున్నారట. దీని గురించి తగవేమీ రాలేదు. కానీ ఒక గూడు విప్పి మళ్ళీ మూస్తే ఎలాంటి జాడలు మిగులుతాయో చూపే నమూనా నాకు ఇదే నగలో దొరికింది.

బొట్టు రాళ్ళు

రెండు బొట్టు నీలాలూ లోపల నిర్మలంగా ఉన్నాయి. సూదులు లేవు, తెరలు లేవు, వేలిముద్రలు లేవు. దుకాణంలో కుడి రాయిని మేలైనదనడానికి కారణమైన ఆ నిర్మలత్వమే నాకు మొదటి అనుమానం. చీకటి గదిలో షార్ట్‌వేవ్ అతినీలలోహిత దీపం కింద పెట్టినప్పుడు పెద్ద నీలం నల్లగా ఉండిపోయింది. రెండు బొట్లూ సుద్ద పూసినట్టు తెల్లని నీలి వెలుగునిచ్చాయి. రెండూ ఒకే తీరుగా. ఇది కొలిమి నీలానికి బాగా తెలిసిన లక్షణం.

ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆగస్ట్ వెర్న్యూయి 1902లో కృత్రిమ కెంపు తయారీని ప్రకటించారు. అల్యూమినా పొడిని ఆక్సిజన్, హైడ్రోజన్ మంటలోంచి జల్లిస్తే, అది కరిగి కింద తిరుగుతున్న కడ్డీ మీద చుక్కచుక్కగా పేరుకుని కొన్ని గంటల్లో చిన్న సీసా ఆకారపు స్ఫటికమవుతుంది. నీలం రంగు చిక్కడానికి మరికొన్నేళ్ళు పట్టింది. ఇనుమూ టైటానియమూ కలిపితే కురువిందం నీలమవుతుందని తెలుసుకుని 1911లో పేటెంట్లు పొందారు. అంటే మన తాతగారు స్టీమరెక్కే నాటికే కృత్రిమ నీలం పదేళ్ళ పాత సరుకు. నగ పాతదనం రాయి సహజత్వానికి హామీ కాదని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

అయితే ఇక్కడితో ఆగితే వదిన గారికి న్యాయం జరగదు. రెండు రాళ్ళూ కృత్రిమమైతే, రెండింటినీ కలిపే మార్చి ఉండవచ్చు కదా అన్నారు చిన్న కొడుకు. ఆ ప్రశ్నలో తర్కం ఉంది. పైగా ఎడమ రాయి కుడిదానికంటే స్పష్టంగా నల్లగా, నిర్జీవంగా ఉంది. దానికి కారణం చెప్పకుండా ‘జంట రాళ్ళే’ అంటే ఎవరు నమ్ముతారు?

కొలిమి రాయిని నిర్ధారించే గట్టి ఆధారం దాని వంపు రేఖలు. పొరలు గుండ్రని తల మీద పేరుకుంటాయి కాబట్టి రంగు చారలు వంపు తిరిగి ఉంటాయి. సహజ రాయిలో చారలు తిన్నగా, కోణాలతో సాగుతాయి. ఆ వంపు కనిపించాలంటే రాయిని ద్రవంలో ముంచి కింద నుంచి వెలుగు పంపాలి. మూసిన గూటిలో తగడు మీద ఉన్న రాయికి ఆ రెండూ కుదరవు. ద్రవం లోపలికి పోతే తగడు నాశనమవుతుంది. అందువల్ల నలుగురి దగ్గరా రాతపూర్వక అనుమతి తీసుకుని, ఎడమ గూడు విప్పించాలని నిర్ణయించాను. ఈ పని నేను చేయను. మూసిన పొదుగు పనిలో చేయి తిరిగిన ఒక పెద్ద కంసాలిగారు శ్రీకాకుళంలో ఉన్నారు, డెబ్బై దాటిన మనిషి. ఆయనను పిలిపించాను.

ఆయన ముందు గూటి అంచును లూప్‌తో చుట్టూ చూశారు, తర్వాత జిర్కోనియా గూడు చూశారు, మళ్ళీ దీనికి వచ్చారు. “ఇది ఎవులూ ఇప్పినది కాదు బాబూ, ఇది మొదటి నొక్కే” అన్నారు. అంచు మీద ఒకే వరుస నొక్కుడు గుర్తులున్నాయి, వాటి మీద ఏళ్ళ అరుగుదల సమంగా ఉంది. గంటన్నర సేపు అంచును వెంట్రుక వెంట్రుకగా లేపి రాయిని బయటకు తీశారు.

లోపల చూసినది ముగ్గురం మూడు సార్లు చూశాం. మూడో వ్యక్తి చిన్న కొడుకే. ఆయనను నేనే దగ్గరకు పిలిచి సూక్ష్మదర్శినిలో చూపించాను. లక్క ఒకే రంగు, ఒకే పొర. గట్టిబడి, సన్నని పగుళ్ళు పట్టి ఉంది. రెండోసారి వేడి చేసి పోసిన జాడ లేదు. దాని మీద వెండి తగడు, రాయి బొట్టు ఆకారానికి సరిగ్గా కత్తిరించినది. రాయి పలకల ముద్ర దాని మీద పడి ఉంది, పలకకు పలక సరిపోయింది. అంటే ఈ లక్క ఆరినప్పుడు ఈ తగడు మీద ఉన్నది ఈ రాయే. తగడు సగానికి పైగా నల్లగా మాడినట్టుంది. అంచు పక్క నుంచి తెల్లని పొలుసు లాంటి పదార్థం సన్నని చారగా లోపలికి దిగి, అక్కడి నుంచే నలుపు వ్యాపించింది.

ఈ నగను ఎప్పుడైనా దేనిలోనైనా ముంచారా అని అడిగాను. నలుగురూ లేదన్నారు. సమాధానం వరండాలోంచి వచ్చింది. మామగారికి జబ్బు చేసినప్పుడు, నీలం అచ్చిరాలేదేమో చూడమని ఎవరో చెప్పగా, ఆయనే పతకాన్ని ఒక రాత్రంతా పాలగిన్నెలో ఉంచారని వదిన గారు అన్నారు. గిన్నె తెచ్చి ఇచ్చినది తనే. మేలైన ఇంద్రనీలాన్ని పాలలో వేస్తే పాలు నీలి ఛాయ పొందుతాయన్నది మన రత్నశాస్త్ర గ్రంథాల నాటి నుంచి ఉన్న మాట. శని రత్నమని నీలానికి భయపడే ఇళ్ళలో ఆ పరీక్ష ఇప్పటికీ చేస్తారు. నమ్మకం సంగతి వారి ఇష్టం. కానీ మూసిన గూళ్ళ నగను పాలలోనే కాదు, నీళ్ళలో కూడా ముంచకూడదు. అల్ట్రాసోనిక్ యంత్రంలో అసలే పెట్టకూడదు. తడి దిగిన వెండి తగడు నల్లబడుతుంది. ఎడమ గూటి అంచులో వెంట్రుకవాసి సందు ఉంది, కుడి గూటికి లేదు. ఒక రాయి గాజులా చచ్చిపోవడానికీ, రెండోది మెరుస్తూ ఉండడానికీ ఉన్న తేడా అంతే.

విడిగా తీసిన రాయిని ద్రవంలో ముంచి చూస్తే వంపు రేఖలు గ్రామఫోన్ రికార్డు గీతల్లా కనిపించాయి, వాటి మధ్య రెండు గుండ్రని గాలి బుడగలు. కుడి రాయిని విప్పలేదు. అతినీలలోహిత వెలుగు, కోత, కొలతలు, గూటి అంచు అన్నీ ఎడమదానితో సరిపోయాక, చెడిపోని గూటిని విప్పడానికి కారణం లేదు. ఒకే రంగులో, ఒకే పరిమాణంలో రెండు సహజ బొట్టు నీలాలు జతపరచడం కష్టం, ఖర్చు కూడా. నగ చేసినవారు పెద్ద రాయికి డబ్బు పెట్టి, జతకు కొలిమి నీలాలు వాడారన్నది నా అభిప్రాయం. వాటి వల్ల ఒక మేలు కూడా జరిగింది. ఈ పతకం 1911కి ముందు చేసినది కాదని, 1942లో ఒడ్డు దాటినది కాబట్టి ఆ మూడు దశాబ్దాల మధ్యదేనని అవే చెప్పాయి.

మదింపు, తర్వాత

నివేదికలో రాళ్ళ ఖరీదంతా దాదాపుగా పెద్ద నీలం మీదే నిలిచింది. తర్వాత పదమూడు రవ్వలు, తర్వాత బంగారం. బొట్టు నీలాల విలువ నామమాత్రం. రవ్వలను తీసి కొత్త కోత కోయించుకుంటే మెరుపు పెరుగుతుందని ఎవరైనా చెబితే వినవద్దని రాశాను. బరువూ పోతుంది, వాటి వయసూ పోతుంది.

చిన్న కొడుకు అమెరికాలో ఉంటారు, తన వాటాగా పతకాన్ని తీసుకువెళ్ళాలన్న ఆలోచన ఆయనకుండేది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన కళాకృతిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. నా పరీక్ష ఇచ్చిన కాలావధిలో సగం ఆ గీతకు అటు, సగం ఇటు పడుతుంది. ప్రయాణానికి ముందు భారత పురావస్తు శాఖ నుంచి పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవలసి ఉంటుందని, అది రాకపోవచ్చని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, అవసరం లేదు, వదిన దగ్గరే ఉండనివ్వండి అన్నారు. తర్వాత వరండాలోకి వెళ్ళారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, వినవలసినదీ కాదు. మిగతా ముగ్గురి వాటా సొమ్ము పెద్ద కొడుకు రెండేళ్ళలో ఇచ్చేలా కాగితం రాసుకున్నారు. జిర్కోనియా స్థానంలో తల్లిగారి విరిగిన బేసరిలోని పాత రవ్వ ఒకటి సరిపోయింది.

ఎడమ బొట్టును తిరిగి పొదగడానికి కంసాలిగారు మళ్ళీ వచ్చారు. పాత తగడు పనికిరాదు కాబట్టి కొత్త వెండి తగడు కత్తిరించారు. అది వేసి చూస్తే ఎడమ రాయి కుడిదానికంటే ఎక్కువ మెరిసింది. ఆయన తగడు తీసి, అరచేతిలో బూడిదతో కొంచెం రుద్ది, మళ్ళీ పెట్టి చూశారు. మళ్ళీ తీసి రుద్దారు. నాలుగోసారికి రెండు బొట్లూ ఒక్కలా కనిపించాయి. అప్పుడు లక్క వేడి చేశారు.